గాజు తొట్టె వెనక వీడ్కోలు

ఏమయ్యోయ్, అక్కడ గోడకి వీపానించి కూర్చున్న పెద్దమనిషీ, నిన్నే! కథ మొదలుకాకముందే ఆ ఆవలింతేమిటి? నోరు మూసుకో, దోమలు దూరి కాపురం పెడతాయి. "నన్ను బురిడీ కొట్టించేవాడు ఇంకా పుట్టలేదు" అని నిన్న పదిమందిలో మీసం దువ్వావట. ఆ మీసం సంగతి తర్వాత చూద్దాం. నీలాగే అనుకుని తిరిగినవాడు ఒకడుండేవాడు. ఊళ్లో వాడి చేతిలో వెర్రిబాగులవాడు కానివాడు లేడు. వాడి కథే ఇది. కాస్త కాళ్లు ముడుచుకో, పక్కవాళ్లకి చోటివ్వు, విను.

సినిమాలకి ఇంకా మాటలు రాని రోజులవి. బొమ్మ కదిలితే చాలు, జనం కళ్లప్పగించి చూసేవారు. ఊరి చివర పాత కలప గిడ్డంగి ఒకటుంటే, దాని పైకప్పు సగం ఊడబీకి, ఎండ మెత్తగా దిగేలా తెల్లటి గుడ్డ కట్టి, అందులో సముద్రం తయారుచేస్తున్నారు. నవ్వకు, సముద్రమే. చదువుకున్న ప్రతివాడి ఇంట్లోనూ అట్టలు ఊడిపోయి కనబడే నవల ఒకటుండేది. ముసలి శాస్త్రజ్ఞుడు ఒకాయన ఇనపగోళం చేయించి, ఇద్దరు కుర్రాళ్లని వెంటేసుకుని సముద్రం అడుక్కి దిగుతాడు. అక్కడ ఎనిమిది చేతుల రాక్షసి ఆ గోళాన్ని పట్టుకుని వదలదు. లోపల గాలి ముగ్గురికి చాలదు. కుర్రాళ్లయినా బతకాలని ముసలాయన తలుపు తీసుకుని నీళ్లలోకి వెళ్లిపోతాడు. వెళ్లిపోతూ కిటికీ అద్దం అవతల నిలబడి వాళ్లకి చివరిసారి చెయ్యి చూపిస్తాడు. ఆ పేజీ దగ్గర కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. ఇప్పుడు ఆ నవలనే సినిమా తీస్తున్నారు.

తీసే పద్ధతి కూడా చెబుతాను. కెమెరా ముందు నిలువెత్తు గాజు తొట్టె. తొట్టెలో నీళ్లు, నాచు, బతికున్న చేపలు. తొట్టెకి అవతల రేకు కొట్టి నల్లరంగు పూసిన గోళం, మనుషులు, రాక్షసి, అంతా పొడిపొడిగా. తొట్టెలోంచి చూస్తే మాత్రం అందరూ నీళ్లలో ఉన్నట్టే. మనిషి ముక్కు ముందునించి చేప ఈదుకుంటూ పోతుంటే ఎవడు కాదంటాడు?

మన భూతం అక్కడికి రాక్షసి తొడుగులో దూరడానికి వచ్చాడు. భూతం అతని పేరు కాదు. నాటకాల్లో ఎలుగుబంటి, రాకాసి, కొండచిలువ, ఏ తొడుగు ఉంటే అందులో అతనే ఉండేవాడు. అతని నడక జనానికి తెలుసు, అరుపు తెలుసు. ముఖం మాత్రం ఎవరూ చూసిన పాపాన పోలేదు. తెర పడ్డాక బయటికొస్తే, "ఏవయ్యా, లోపల ఎలుగుబంటి వేసినాయన ఇంకా రాలేదా?" అని అతన్నే అడిగేవారు. "వస్తున్నాడు, గోళ్లు కత్తిరించుకుంటున్నాడు" అని అతను చెప్పేవాడు.

ఒకరోజు రాక్షసి తొడుగులోంచి తల బయటపెట్టి నీళ్లు తాగుతుంటే డైరెక్టరు చూశాడు. ఆగిపోయి మళ్లీ చూశాడు.

"ఏమయ్యా, ఈ ముఖాన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?"

"ఎలుగుబంటి తలకాయలో సార్."

డైరెక్టరు నవ్వలేదు. తెల్ల గడ్డం తెప్పించి అక్కడికక్కడే అంటించి చూశాడు. "శాస్త్రజ్ఞుడివి నువ్వే. రాక్షసివీ నువ్వే. మొదట ముసలాయన భాగం తీసి, ఆఖర్న రాక్షసిని తీద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం భూతం ఇంటికి ఎలా వెళ్లాడో అతనికే తెలీదు. అతనికి చదువు సంతకం దాకానే వచ్చు. భార్య ఆ నవల అరువు తెచ్చి, కాజాలు కుట్టే పని పక్కన పెట్టి, ఆ ముసలాయన మాటలన్నీ చదివి వినిపించింది. వింటూ వింటూ భూతం అద్దంలో తన ముఖాన్ని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసుకున్నాడు.

"ఏమే, సినిమా వచ్చినప్పుడు నువ్వు మధ్య వరసలో కూర్చో. పక్కావిడ, ఎవరమ్మా ఆ పెద్దాయన అని అడుగుతుంది."

"అడిగితే?"

"మా ఆయనే అని చెప్పు. గట్టిగా చెప్పు."

"అడక్కపోయినా చెబుతాలెండి" అంది.

*

వీడ్కోలు సీను తీసేరోజు పొద్దున్నే, సినిమాకి డబ్బు పెట్టిన యజమాని వచ్చాడు. వెంట అల్లుడు. పట్టుచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, ముట్టుకుంటే మాసిపోయేలా ఉన్నాడు. కెమెరా పక్కనే కుర్చీ వేయించుకుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు. ముందురోజు కూడా ఇలాగే కూర్చున్నాడు. సరదాపడి చూస్తున్నాడులే అనుకున్నాడు భూతం.

కెమెరా తిప్పేది భూతం బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. ఆ రోజుల్లో కెమెరాకి పక్కన పిడి ఉండేది. పిడి తిప్పుతుంటేనే లోపల రీలు నడిచేది. ఆ పిడి పట్టుకున్నాడంటే బావమరిదికి లోకం కనపడదు. ఒక కన్ను మూసుకుని, పెదవి కొరుక్కుని, పిండి విసిరినట్టు ఒకే జోరున తిప్పుతాడు. ఆ ఉద్యోగం రావడానికి చాలా తిప్పలు పడ్డాడు. వచ్చాక ఆ పిడిని చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

"మొదలెట్టు" అన్నాడు డైరెక్టరు.

భూతం గోళం కిటికీ బయట నిలబడ్డాడు. లోపల ఇద్దరు కుర్రాళ్లు అద్దానికి ముఖాలు ఆనించారు. అతను చెయ్యెత్తాడు. అరచెయ్యి అద్దం మీద పెట్టాడు. అంతే, ఇంకేం చెయ్యలేదు. ఇన్నేళ్లూ తొడుగుల్లో ఉండి చేతులూ కాళ్లూ ఊపి ఊపి అలసిపోయిన మనిషి, మొట్టమొదటిసారి ఏమీ ఊపకుండా నిలబడ్డాడు. ముఖం ఒక్కటే పనిచేసింది. ముందు కుర్రాళ్ల వైపు చూశాడు. తర్వాత వాళ్లకి వెనక, ఎక్కడో పైన, వెలుతురు ఉండే వైపు చూశాడు. కళ్లలో నీళ్లు నిండి గడ్డంలోకి జారాయి. చెయ్యి అద్దం మీంచి తీసేసి, వెనక్కి తిరిగి, చీకట్లోకి నడిచాడు.

పిడి చప్పుడు ఆగింది. వడ్రంగి చేతిలో సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోపలి కుర్రాళ్లలో ఒకడు నిజంగానే ఏడుస్తున్నాడు. డైరెక్టరు జేబురుమాలు తీసుకుని అటు తిరిగాడు.

"సరిపోయిందా సార్?" అన్నాడు భూతం, ముక్కు ఎగబీలుస్తూ.

"ఊఁ" అన్నాడు డైరెక్టరు, అటే తిరిగి ఉండి.

అల్లుడు మాత్రం లేచి వచ్చి, "ఇంకొక్కసారి చేస్తారా? ఆ చెయ్యి ఎత్తడం ఉంది చూశారూ, అది కాస్త నెమ్మదిగా" అన్నాడు.

భూతానికి ఒళ్లు పొంగిపోయింది. "ఎన్నిసార్లంటే అన్నిసార్లు బాబూ" అని మళ్లీ చేశాడు. మళ్లీ ఏడ్చాడు.

*

మధ్యాహ్నం అందరూ గిడ్డంగి వెనక నీడలో భోజనాలకి కూర్చున్నారు. బావమరిది ఒక్కడే కెమెరా దగ్గర ఉండి తోలుగుడ్డతో దాన్ని తుడుస్తున్నాడు.

వాళ్లిద్దరికీ రోజూ ఒక ఆట ఉంది. భూతం పిల్లిలా వెనకనించి వచ్చి కెమెరా పక్కతలుపు గడియ మీద వేలు పెట్టి, "తియ్యనా?" అనేవాడు. బావమరిది ఒంటి మీద వేడినీళ్లు పడ్డట్టు ఎగిరి, "బావా! నీకు పుణ్యముంటుంది! వెలుతురు తగిలితే తీసిందంతా మసైపోతుంది! అక్కతో చెబుతా!" అని లబోదిబోమనేవాడు. ఆ అరుపు వినకపోతే భూతానికి తిన్నది అరిగేది కాదు.

ఆవేళ కూడా వచ్చాడు. గడియ మీద వేలు పెట్టాడు.

"తియ్యనా?"

బావమరిది అరవలేదు. గుడ్డతో అక్కడే తుడుస్తూ, "ఊఁ" అన్నాడు, మనసెక్కడో పెట్టుకుని. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి, "బావా, వద్దు!" అన్నాడు.

నాటకాల్లో తలపండినవాడు భూతం. రావలసినప్పుడు రాని అరుపు ఎలాంటిదో అతనికి ఒకరు చెప్పాలా? గడియ తీసేశాడు.

లోపల పళ్లచక్రాలు శుభ్రంగా మెరుస్తున్నాయి. ఇంకేమీ లేదు.

"రీలు తీసేశావా? కడగడానికి పంపావా?"

బావమరిది తోలుగుడ్డ మడతపెట్టాడు. విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"ఒరేయ్, నిన్నే."

"పెట్టలేదు బావా."

"ఏది పెట్టలేదు?"

"రీలు. పొద్దున్నించీ పెట్టలేదు. నిన్న కూడా పెట్టలేదు."

భూతం తొట్టె అంచు పట్టుకున్నాడు. మొన్నామధ్య యజమాని ఇంటి ఆడవాళ్లు నగలన్నీ దిగేసుకుని వచ్చి, మమ్మల్ని కూడా తియ్యండి అని వరసగా నిలబడ్డారు. అలాంటివాళ్లొస్తే కెమెరావాళ్లు రీలు పాడుచేసుకోరు. ఊరికే పిడి తిప్పి, "అబ్బ, ఎంత బాగా పడ్డారో" అని పంపేస్తారు. దాన్ని ఉత్త తిప్పుడు అంటారు. ఆవేళ వాళ్లు మెడలు సాచి, నవ్వులు పులుముకుని నిలబడితే, భూతం రాక్షసి తొడుగులో దూరి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఎనిమిది చేతులూ ఊగిపోతుంటే ఆడవాళ్లు జడుసుకున్నారు కూడా.

"నాకు ఉత్త తిప్పుడు తిప్పావా?"

"అల్లుడుగారు ఆ వేషం తనకి కావాలన్నాడట బావా. యజమాని సరే అన్నాడు."

"మరి నాతో ఎందుకు చేయించారురా?"

"ఆయనకి చేతకాదు కదా. నువ్వు చేస్తుంటే చూసి నేర్చుకుంటాడని." బావమరిది గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. "కెమెరా తిరగకపోతే నువ్వు మనసుపెట్టి చేయవని, నన్ను ఊరికే తిప్పమన్నారు. రాక్షసి సీను ఇంకా ఉంది. ముందే చెబితే నువ్వు మానేసి వెళ్లిపోతావు, ఆ తొడుగు ఆడించడం ఇంకెవరికీ రాదు."

"ఎవరు తిప్పమన్నది?"

"డైరెక్టరు. నా ముఖంలోకి చూడకుండా చెప్పాడు."

"నువ్వు సరేనన్నావు."

"ఉద్యోగం బావా..."

"నేను ఏడ్చాన్రా."

"చూశాను."

"అందరూ ఏడ్చారు."

"నేనూ ఏడ్చాను బావా."

"ఏడుస్తూ తిప్పావా?"

బావమరిది తల ఊపాడు.

భూతం గడియ జాగ్రత్తగా వేశాడు. తొట్టెలో చేప ఒకటి గాజుకి మూతి ఆనించి అతన్నే చూస్తోంది. దాన్ని చూసి ఎందుకో సిగ్గేసింది.

"మీ అక్కకి తెలుసా?"

"తెలీదు. ఒట్టు."

"చెప్పకు. ఆవిడ మధ్య వరసలో కూర్చోవాలని ఉంది."

*

ఇంటికెళ్లేసరికి ఇంకా వెలుతురుంది. భార్య కిటికీ దగ్గర కోటుకి కాజాలు కుడుతోంది.

"రండి రండి. తీశారా?"

"తీశారు." భూతం చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. గడ్డం అంటించిన జిగురు దవడల మీద ఇంకా చుర్రుమంటోంది. "అబ్బో, ఒకటే ఏడుపులు. డైరెక్టరు జేబురుమాలు పిండుకున్నాడు. వడ్రంగి అయితే సుత్తి కాలి మీద పడేసుకున్నాడు."

"ఏదీ, నాకూ చూపించండి."

నీళ్లు తాగే నెపంతో కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. ఆడక తప్పదు. కిటికీ చువ్వలే గోళం అనుకుని, చెయ్యెత్తాడు. అరచెయ్యి గాలిలో ఆనించాడు. ముఖం తెచ్చుకోబోయాడు. పొద్దున ఎక్కడినించో వచ్చిన ఆ ముఖం ఇప్పుడు రావడం లేదు. సరిగ్గా అప్పుడే దోమ ఒకటి ముక్కు మీద వాలింది. వేళ్లాడించి తోలాడు. పోలేదు. బుగ్గలుబ్బించి పైకి ఊదాడు. దోమ చెవి దగ్గరికి పోయింది, మెడ కోడిపెట్టలా ముందుకీ వెనక్కీ ఆడించాడు.

భార్య సూది వదిలేసి పగలబడి నవ్వింది.

నవ్వు వినపడితే భూతం ఆగేరకం కాదు. మోకాళ్లు రెండూ టపటపా కొట్టించాడు. లేని నడుంపట్టీ పైకి లాక్కున్నాడు. వేళ్లు ముక్కు ముందు టకటకా ఆడించి, బుగ్గలు కప్పలా నింపి, మెడ సాచి సాచి చూసి, తిరిగి నడిచేటప్పుడు తడబడి మళ్లీ సర్దుకున్నాడు. ఆమె కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

అక్కడ, ఆ నవ్వులో, అతని బుర్రలో దీపం వెలిగింది. చూసి నేర్చుకుంటాడా అల్లుడు? నేర్చుకోనీ. బాగా నేర్చుకోనీ.

"రేపు మళ్లీ తీస్తారట" అన్నాడు. "రేపు ఇలా చేస్తా."

భార్య పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ చూసింది. "ఇలాగేనా?"

"అచ్చం ఇలాగే."

"ముసలాయన చచ్చిపోయే సీను కదండీ అది?"

"చచ్చిపోయేవాడు నవ్వించకూడదని ఎక్కడుంది? చూడు, హాలు హాలంతా దద్దరిల్లుతుంది."

"మీ ఇష్టం" అని ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ రాత్రి భూతం హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు.

*

మర్నాడు అల్లుడి కుర్చీ ఇంకాస్త ముందుకి జరిగింది. భూతం వచ్చి, వినయంగా గడ్డం సవరించుకుని, గోళం పక్కన నిలబడ్డాడు.

"నిన్నటిది బాగానే ఉంది కానీ సార్, నీళ్ల కింద మనిషి నేల మీద మనిషిలా కదలడు కదా. ఇంట్లో ఆలోచించాను. కొంచెం మార్చాను" అన్నాడు.

డైరెక్టరు నోరు తెరిచాడు. భూతం సూటిగా ఆయన కళ్లలోకి చూశాడు. ఆయన చూపు దించేసుకుని చేతిలో నవల పేజీలు తిరగేశాడు. తప్పు చేసినవాడికి ఎదుటివాడి తప్పు పట్టే నోరెక్కడినించి వస్తుంది?

బావమరిది ఖాళీ పిడి తిప్పాడు. భూతం దోమ నాట్యమంతా చేశాడు. ఎక్కడా నవ్వకుండా, ముఖం బిగించి, మహా గంభీరంగా.

అల్లుడు లేచొచ్చాడు. పాపం, అతనికి అనుమానమే లేదు. నేర్చుకోవాలన్న ఆత్రం ఒక్కటే.

"గురువుగారూ, ఆ బుగ్గలెందుకు?"

"నీళ్లలో ఊపిరి బిగబట్టవద్దూ?"

"వేళ్లు అలా ఆడిస్తున్నారేం?"

"నీళ్లని కోస్తున్నాడు బాబూ. దారి కావాలి కదా."

"మోకాళ్లు?"

"అడుగున చలి. మామూలు చలి కాదు."

"మరి మెడ?"

ఇక్కడ భూతం ఒక్క క్షణం తడుముకున్నాడు. "ప్రాణం" అన్నాడు. "అది లోపల్నించి తన్నుకుంటుంది. మెడ దగ్గరే తెలిసేది."

అల్లుడు కళ్లు పెద్దవి చేసుకుని, ప్రతిదీ పక్కనే నిలబడి చేసి చూసుకున్నాడు. భూతం అతని మోచెయ్యి పట్టుకుని సరిచేశాడు. "ఇంకొంచెం వేగంగా. వేళ్లు ఇంకా టకటకా. ఆఁ, అదీ! మీకు పుట్టుకతోనే వచ్చినట్టుంది." పలకల వెనకాల వడ్రంగి నోట్లో తువ్వాలు కుక్కుకుని గోడకి తల ఆనించాడు.

"ఇప్పుడు అల్లుడుగారు ఒకసారి సరదాకి చేస్తారు" అన్నాడు డైరెక్టరు, పుస్తకంలోకే చూస్తూ. "నువ్వెళ్లి కాస్త టీ తాగి రావయ్యా."

"పరవాలేదు సార్. చూస్తాను, నాకూ సరదాయే."

బావమరిది నల్లగుడ్డ కింద చేతులు దూర్చి చాలాసేపు ఏదో సర్దాడు. గడియ వేసి, వేలితో రెండుసార్లు నొక్కి చూశాడు. భూతం అది చూశాడు. ఈసారి లోపల రీలు ఉంది.

అల్లుడు తెల్లగడ్డం తగిలించుకుని నిలబడి, ఒక్క వెంట్రుకవాసి తేడా రాకుండా దోమని తోలాడు. బావమరిది చేతిలో పిడి గిరగిరా తిరుగుతోంది. భుజం ఎగిరిపడుతోంది, నుదుటి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు. నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు వెధవ, అనుకున్నాడు భూతం. యజమాని చప్పట్లు కొట్టాడు. భూతం ఆయనకంటే గట్టిగా కొట్టాడు.

మధ్యాహ్నం రాక్షసి తొడుగులో దూరి, ఎనిమిది చేతులతోనూ ఆ గోళాన్ని వాటేసుకుని, ఎన్నడూ లేనంత ఆనందంగా పిండాడు. రేకు సొట్టపడింది.

ఆ తర్వాత రోజులన్నీ సాయంత్రం ఇంటికొచ్చి, భార్యకి ఈరోజు ఇది తీశారు, అది తీశారు అని కబుర్లు అల్లి చెప్పాడు. ఆమె కుడుతూ ఊఁ కొట్టేది. నవ్వాల్సిన చోట నవ్వేది. అసలు సంగతి ఎలా చెప్పాలో అతను ముందే నిర్ణయించుకున్నాడు. హాల్లో జనం అల్లుణ్ణి చూసి నవ్వి నవ్వి కింద పడతారు. ఆ నవ్వు మధ్యలో ఆమె చెవిలో చెబుతాడు, "నా ముఖం తీసేశారే, చూడు నేనేం తీశానో." ఆ గోలలో అయితే ఆ మాట అంత బరువుగా ఉండదు.

*

సినిమా వేసిన రోజు మధ్యాహ్నం ఆటకే హాలు నిండిపోయింది. యజమాని చుట్టాలు ముందు, పనివాళ్ల కుటుంబాలు వెనక. భార్య కుట్టుకున్న కొత్త రవిక వేసుకుంది. మధ్య వరసలో, భూతం పక్కన కూర్చుంది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. గోళం దిగింది, చేపలు ఈదాయి, రాక్షసి వచ్చింది. జనం కెవ్వుమన్నారు. ఎవరూ ఆ రాక్షసి ఎవరని అడగలేదు. భూతానికి అదేమీ పట్టలేదు. ముందుకి వంగి, చేతులు రుద్దుకుంటూ, వీడ్కోలు సీను కోసం చూస్తున్నాడు.

అల్లుడు అద్దం దగ్గరికొచ్చాడు. చెయ్యెత్తాడు.

చెయ్యి చాలాసేపు లేచింది. భూతం కళ్లు నులుముకున్నాడు. టకటకా ఆడాల్సిన వేళ్లు నాచులా మెల్లగా, ఒకదాని వెంట ఒకటి ఊగుతున్నాయి, దేన్నో వదల్లేక వదులుతున్నట్టు. కప్పలా ఉబ్బాల్సిన బుగ్గలు నెమ్మదిగా నిండాయి, ఆఖరి ఊపిరిని దాచుకున్నట్టు. మోకాళ్లు వణకడం లేదు, సముద్రం బరువంతా మీద పడి ఒంగిపోతున్నాయి. కోడిపెట్ట మెడ ఒకసారి ముందుకి సాగి కుర్రాళ్లని చూసింది, వెనక్కి పోయింది, వెళ్లలేక మళ్లీ వచ్చి చూసింది. ముసలాయన ముఖం ముందునించి ఒక చేప ఈదుకుంటూ పోయింది. ఆయన తిరిగాడు. తడబడ్డాడు. సర్దుకుని చీకట్లోకి నడిచాడు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మయ్య, ఒక్కడైనా నవ్వుతున్నాడు అనుకుని భూతం వంగి చూశాడు. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అటు పక్క ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. ఎవరో, "ఎంత గొప్పగా చేశాడమ్మా" అన్నారు. భార్య వైపు తిరిగాడు. ఆమె చెంపలు తడిగా మెరుస్తున్నాయి.

"ఎవరండీ ఆ పెద్దాయన?" అని ఆమెని పక్కావిడ అడుగుతోంది.

భూతం లేచి, కాళ్లు తొక్కుకుంటూ బయటపడ్డాడు.

పక్కగుమ్మం దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. బావని చూసి పారిపోబోయి, ఆగాడు.

"ఏం చేశావురా?"

"తీసేటప్పుడు పిడి ఎంత జోరుగా తిప్పితే, తెర మీద బొమ్మ అంత నెమ్మదిగా కదులుతుంది బావా. చెయ్యి పడిపోయేలా తిప్పాను. రెండు రోజులు భుజం లేవలేదు."

"నేను కావాలని చెడగొడుతున్నానని నీకెలా తెలుసు?"

"ముందే తెలుసు. ఆ సీను నవ్వులపాలైతే తిప్పినవాడి మీదికే వచ్చేది. ఆ పొద్దున్నే అక్క వచ్చి చెప్పింది. మీ బావ ఇవాళ ఇలా ఇలా చేయబోతున్నాడు, నువ్వు జాగ్రత్తపడు అని. అంతా చేసి చూపించింది."

"మీ అక్కకి తెలీదని ఒట్టు వేశావు కదరా!"

బావమరిది నేల చూపులు చూశాడు. "అప్పటికే చెప్పేశాను బావా."

*

ఆట అయ్యాక భార్యాభర్తలిద్దరూ ఇంటిదారి పట్టారు. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. ఆమె ఒక అడుగు వెనక నడుస్తోంది. వీధి మలుపు దగ్గర భూతం వెనక్కి తిరిగాడు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మీకంటే ముందునించే. ఉత్త తిప్పుడు తిప్పిన మొదటిరోజే వాడు వచ్చి ఏడ్చాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఆవేళ కూడా మీరు ఇంటికొచ్చి అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డారో గుర్తుందా? ఎలా చెప్పమంటారు?"

"అందుకేనా, మీ తమ్ముడి ఉద్యోగం కోసమా?"

ఆమె ఆగింది. "అదీ ఉంది" అంది. "అబద్ధమెందుకు, అదే ఎక్కువ. మీకు తొడుగులు ఎప్పుడూ దొరుకుతాయి. వాడికి ఆ పిడి పోతే ఇంకేముంది?"

భూతం కాసేపు నడిచాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

"ఆ సాయంత్రం నేను దోమని తోలుతుంటే అంత పగలబడి నవ్వావు?"

"నవ్వకపోతే మీకు అనుమానం రాదూ?"

"తర్వాత రోజూ వచ్చి కబుర్లు చెబుతుంటే ఊఁ కొట్టావు!"

"మీరు అంత కష్టపడి అల్లుకొస్తుంటే, ఊఁ కొట్టకుండా ఎలా?"

భూతం వీధి మధ్యలో నిలబడిపోయాడు. ఊళ్లో అందర్నీ వెర్రివాళ్లని చేసి తిరిగిన మనిషి. ఇంట్లో, రోజూ, చేతికందేంత దూరంలో కూర్చుని, కాజాలు కుడుతూ ఒకావిడ తనని ఆడించింది. ఒక్క సాయంత్రమైనా పోల్చుకోలేకపోయాడు.

"సరే" అన్నాడు. "ఇందాక హాల్లో ఏడ్చావే. అదైనా నిజమేనా?"

ఆమె చెంపలు చెంగుతో తుడుచుకుని, అతని ముఖంలోకి తీరిగ్గా చూసింది.

"నటులు మీరు కదా, మీరే చెప్పండి" అని, అతన్ని దాటుకుని ముందు నడిచింది.